వంటింటి కిటికీ అవతల ములెంగా

క్రితం ఏడాది ఒక పత్రికలో జాంబియా జ్ఞాపకాలు రాశాను. చదివినవాళ్లు బాగుందన్నారు. బాగుండక ఏం చేస్తుంది, అన్నీ బాగున్న సంగతులే ఏరి రాశాను. జకరండా పూలు రాలిన వీధికి అందరూ వాడే తివాచీ పోలికే నేనూ వాడాను. ఎర్రమట్టి, మనిషికంటే ఎత్తు చెదపుట్టలు, మామిడిచెట్టు, మా నాన్న సైకిలు, అన్నీ వేశాను. మా ఇంట్లో పనిచేసిన ములెంగా గురించి రాస్తూ, "అతను మాకు పనిమనిషి కాదు, మా ఇంటి మనిషి" అన్నాను. ఆ వాక్యం నాకే ముచ్చటేసి రెండుసార్లు పైకి చదువుకున్నాను కూడా. అది పచ్చి అబద్ధం. దాన్ని దిద్దుకుందామనే మళ్లీ కలం పట్టాను. నాకై నాకు బుద్ధొచ్చి దిద్దుకుంటున్నానని అనుకోకండి. ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చి నా చేత దిద్దించింది.

పెదవాల్తేరులో మా ఫ్లాటుకి యూనివర్సిటీ దగ్గరే. అక్కడ ఆఫ్రికా దేశాల పిల్లలు చాలామంది చదువుతున్నారు. సాయంత్రాలు బీచ్ రోడ్డు మీద నడుస్తూ కనిపిస్తారు. మనవాళ్లు ఆగి మరీ వాళ్లను తేరిపార చూడటమూ కనిపిస్తుంది. ఒకరోజు ఒకమ్మాయి ఫోన్ చేసి, తన పేరు చిలేషె అనీ, జాంబియా నుంచి వచ్చి చదువుకుంటున్నాననీ ఇంగ్లీషులో చెప్పింది. "ములెంగా మా తాత. మీ నాన్నగారి సంతకం ఉన్న కాగితం ఒకటి నా దగ్గరుంది. మా హాస్టల్ వార్డెన్ మీరు రాసింది చదివి, మీ నంబరు సంపాదించి ఇచ్చింది" అంది. నాకు పట్టరాని సంతోషం కలిగింది. రాసిన జ్ఞాపకానికి మనవరాలు నడిచొస్తే ఏ రచయితకి ఉండదు! ఆదివారం టీకి రమ్మన్నాను. మా ఇంట్లో పనిచేసే నూకాలుతో పకోడీలు వేయించాలనుకున్నాను. కొత్త టీ కప్పులు అల్మారాలోంచి దింపించాను.

ఆ అమ్మాయి వచ్చేలోగా ఆ ఇంటి సంగతి చెప్పాలి. తెల్లదొరల పాలన పోయి ఆ దేశం స్వతంత్రమయ్యాక, అక్కడ బడులు చాలా తెరిచారు. చెప్పేవాళ్లు చాలలేదు. ఇంతకాలం ఏలినవాళ్లు ఆ దేశపు పిల్లల్ని పైచదువుల దాకా రానిస్తే కదా! మనదేశం నుంచి మేష్టర్లను పిలిపించారు. అనకాపల్లి దగ్గర పల్లెలో చెరకు తోటల మధ్య పెరిగి లెక్కలు చదువుకున్న మా నాన్న అలా అమ్మనీ నన్నూ తీసుకుని రాగి గనుల ఊరికి వెళ్లాడు. గనిలో ఆఫీసరుగా ఉండి వెళ్లిపోయిన ఒక తెల్లాయన ఇల్లు మాకిచ్చారు. మా ఊళ్లో కలెక్టరు బంగళాని గేటు బయటి నుంచి చూసినవాళ్లం మేము. అలాంటి బంగళాకి తాళాలు మా అమ్మ కొంగున పడ్డాయి.

ముందు వసారా అంతా ఎర్ర పాలిష్. రోజూ పొద్దున్నే మోకాళ్ల మీద కూర్చుని బ్రష్‌తో రుద్దితే మన మొహం అందులో కనపడాలి. ఆ పాలిష్ వాసన, బొగ్గుల ఇస్త్రీపెట్టె కింద తడిబట్ట కాగే వాసన, అమ్మ పోపులో ఇంగువ, ఈ మూడూ కలిసినదే ఇప్పటికీ నాకు పొద్దుటిపూట. పెరటి చివర ఒంటిగది. పనివాళ్ల గదిని అక్కడ కాయా అంటారు. అందులో ములెంగా ఉండేవాడు. పొయ్యి, బల్లలు, మంచాలు ఎలా ఇంటితోపాటు వచ్చాయో అతనూ అలాగే మాకు వచ్చాడు. తెల్లాయన దగ్గర పన్నెండేళ్లు వంట చేశాడు. రొట్టె కాల్చేవాడు, మాంసం వండేవాడు, వంటిల్లంతా అతని చేతిమీదే నడిచేది. దొరసాని అతన్ని బోయ్ అని పిలిచేదట. అప్పటికే ముగ్గురు పిల్లల తండ్రి.

మేము దిగిన రోజున అలవాటు ప్రకారం ములెంగా వంటింట్లోకి వచ్చి పొయ్యి వెలిగించబోయాడు. అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి, వద్దని చేత్తో సైగ చేసింది. అతనికి అర్థం కాక నవ్వాడు. నాన్న ఇంగ్లీషులో, "మేడమ్ వంట తనే చేసుకుంటుంది. నువ్వు బయటి పని చూసుకో" అన్నాడు. ఆ రోజు తర్వాత మేమున్న నాలుగేళ్లలో ములెంగా ఆ గుమ్మం దాటలేదు. వంటింటికి వెనక వసారా వైపు చిన్న కిటికీ ఉండేది. దాని అంచు మీద అతని సీమపింగాణీ పళ్లెం, అలాంటిదే మగ్గు ఒకటి. అమ్మ లోపలి నుంచి వాటిలో వేసేది, పోసేది. అతను బయటి నుంచి తీసుకునేవాడు, కడిగి మళ్లీ అంచు మీదే పెట్టేవాడు. అతన్ని వంటింట్లో నిలబెట్టింది బోయ్ అని పిలిచిన తెల్లదొరసాని. కిటికీ బయట నిలబెట్టింది మేము.

అమ్మ చెడ్డమనిషి కాదు. జ్వరమొస్తే ములెంగా పిల్లలకి మిరియాల చారు కాచి పంపేది, కిటికీలోంచే. ఆమెది ఎస్. కోట దగ్గర పల్లె. చిన్నప్పుడు కరణంగారింటికి పాలు పోయడానికి వెళ్తే, వసారా చివర నిలబడి చెంబు కింద పెట్టాలి, వాళ్లు నీళ్లు చిలకరించి తీసుకునేవారు. ఆ సంగతి చెప్పినప్పుడల్లా అమ్మ మొహం ఎర్రబడేది. పడిన అవమానం మనిషిని మెత్తబరుస్తుందని కథల్లో రాస్తాం. అమ్మ విషయంలో అలా జరగలేదు. చెంబు పుచ్చుకునే వైపు చేరేసరికి, ఆమెకి తెలిసిన మర్యాద అదొక్కటే అయింది. ములెంగా తన గది ముందు మొక్కజొన్న పిండితో ముద్ద కెలికి, చిన్న ఎండుచేపలు వండుకుంటుంటే, అమ్మ ముక్కు మూసుకుని కిటికీ రెక్కలు వేసేసేది. ఇక్కడ జాలరిపేట నుంచి వచ్చే ఎండుచేపలైతే మాత్రం లొట్టలేసుకుని తినేది. అమ్మ మాట ఇంత రాశాను కదా, నా మాట రాయకపోతే మళ్లీ పాత పద్ధతే అవుతుంది.

బడి నుంచి రాగానే నేను వెనక వసారాలో, ఇస్త్రీ చేస్తున్న ములెంగా దగ్గర చేరేదాన్ని. అతను నాకు వాళ్ల భాష నేర్పేవాడు. నతోతెలా అంటే కృతజ్ఞతలు. నేను పలికితే పకపకా నవ్వేవాడు. ఒకరోజు తెల్లవాళ్ల కాలంలో దుకాణాల సంగతి చెప్పాడు. నల్లవాళ్లని దుకాణం లోపలికి రానిచ్చేవారు కాదు. పక్కగోడకి ఒక చిన్న కిటికీ ఉండేది, అక్కడ వరసలో నిలబడాలి. మాంసం కావాలంటే ఏ ముక్క దొరికితే అది కాగితంలో చుట్టి ఆ కన్నంలోంచి పడేసేవారు. బాగోలేదంటే మార్చరు. చివరికి జనం ఒక్కటై, తలుపులోంచి రానిస్తేనే కొంటాం, లేకపోతే మాకు మాంసమే వద్దని దుకాణాల ముందు రోజుల తరబడి నిలబడ్డారు. ములెంగా కూడా నిలబడ్డాడు. పోలీసు లాఠీ తగిలిన మోచేయి చూపించాడు. అది పూర్తిగా చాపడానికి వచ్చేది కాదు. తలుపులు తెరిచిన తర్వాత ఒకరోజు తెల్లచొక్కా వేసుకుని లోపలికి వెళ్లాడట.

"ఏం కొన్నావు?" అన్నాను.

"ఏమీ కొనలేదు. లోపలంతా ఒకసారి తిరిగి, బల్ల మీద చెయ్యి వేసి చూసి, వచ్చేశాను" అన్నాడు.

అప్పుడే అమ్మ కేకేసింది. నేను లేచి కిటికీ దగ్గర టీ మగ్గు అందుకుని అతనికిచ్చాను. అతను ఒంగిన మోచేత్తోనే తీసుకున్నాడు. నాకు పన్నెండేళ్లు. అప్పటికి ఏమీ అర్థం కాలేదని రాసుకుంటే ఎంత బాగుండును! అర్థమైంది. ఆ కిటికీ, ఈ కిటికీ ఒకటేనని ఆ మగ్గు చేతిలో ఉండగానే తెలిసింది. అమ్మతో చెబుదామనుకుని చెప్పలేదు. కిటికీలోంచి అందించే పని నాకు ఇష్టం. మా ఊళ్లో ఎవరికీ ఏదీ పైనుంచి అందించే రాత నాకు పట్టలేదు. నాన్న కూడా అంతే. మొదట్లో ములెంగా బ్వానా, అంటే దొరా, అని పిలిస్తే, "అలా పిలవకు, ఆ రోజులు పోయాయి" అనేవాడు. మూడు నెలలయ్యేసరికి ఆ మాట అనడం మానేశాడు.

ఆ ఏడాదే నాన్న ఒప్పందం అయిపోయి మేము బయల్దేరే ముందు, ములెంగా ఉత్తరం అడిగాడు. తెల్లవాళ్లు పెట్టిపోయిన ఆచారం అది. ఇల్లు ఖాళీ చేసేవాళ్లు పనివాడికి ఫలానావాడు మంచివాడని రాసివ్వాలి. ఆ కాగితం చూపిస్తేనే ఇంకో ఇంటివాళ్లు గేటు తీస్తారు. దొరలు పోయినా గేట్లూ కాగితాలూ పోలేదు. నా దస్తూరి గుండ్రంగా ఉంటుందని నాన్న చెబుతుంటే నేను రాశాను. నిజాయతీపరుడు, కష్టపడతాడు, ఇష్టపూర్వకంగా సిఫారసు చేస్తున్నాను. నాన్న సంతకం చేసి, కింద విశాఖపట్నం అని కూడా రాశాడు. అప్పుడు వంటింట్లోంచి అమ్మ అంది:

"ఒలమ్మీ, ఆ కాయితం ఎనకాల తెలుగులో ఓ ముక్క రాయి. ఆడు ఎల్లేది మన తెలుగు మేస్టార్ల ఇళ్లకే కదా. ఇతన్ని వంటింట్లోకి రానీకండి, కిటికీలోంచి ఇస్తే సాలని రాయి."

"అదెందుకే ఇప్పుడు?" అన్నాడు నాన్న.

"మీకు తెల్దు, ఊరుకోండి. ఇంగిలీసులో రాస్తే ఆడికి తెలిసిపోతాది, బాగోదు."

నాన్న కలానికి మూత పెట్టి అవతలికి వెళ్లిపోయాడు. నేను ఆ మూత తీసి రాశాను. "ఇతన్ని వంటింట్లోకి రానివ్వకండి. కిటికీలోంచి ఇస్తే చాలు." అమ్మ భాషని అచ్చు తెలుగులోకి మార్చి, అక్షరదోషాలు లేకుండా, తలకట్లు ఒక్కటీ వంకర పోకుండా రాశాను. పేరు కూడా కింద చిన్నగా పెట్టుకున్నాను. కాగితం ఇవ్వగానే ములెంగా అటూ ఇటూ తిప్పి, ఇదేమిటని తెలుగు వైపు చూపించాడు. "మంచి మాటలు" అన్నాను. అతను వాళ్ల పద్ధతిలో మోకాళ్లు కొంచెం వంచి, రెండు చేతులతో పుచ్చుకుని, నతోతెలా అన్నాడు.

తర్వాత మేము విశాఖ వచ్చేశాం. చదువు, పెళ్లి, మా ఆయన ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగం, ఉక్కునగరంలో క్వార్టర్సు, నేను కాలేజీలో పాఠాలు చెప్పడం, ఇవన్నీ గడిచాయి. ఆ కాగితం నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. నేరం చేసినవాళ్లకి నిద్ర పట్టదంటారు. నాకు శుభ్రంగా పట్టింది.

ఆదివారం చిలేషె వచ్చింది. పొడుగ్గా, నెమ్మదిగా మాట్లాడే పిల్ల. లోపలికి వస్తూ మోకాళ్లు కొంచెం వంచి నమస్కారం చేసింది. ఆ వంపు చూడగానే ఎవరి మనవరాలో తెలిసిపోయింది. సంచిలోంచి పూలగుడ్డలో చుట్టిన పటం తీసి టీ బల్ల మీద పెట్టింది. కాగితానికి రెండువైపులా గాజు వేసి కట్టిన పటం. పైకి కనిపిస్తున్నది తెలుగు. నా గుండ్రటి అక్షరాలు. ఇంగ్లీషు వైపు కిందకి ఉంది. నేను సోఫాలో కూర్చున్నాను.

"మా ముందుగదిలో ఎప్పుడూ ఇలాగే ఉండేది" అంది. "మీరు వెళ్లాక తాత ఇంకో తెలుగు టీచరుగారింటికి ఇది పట్టుకెళ్లాడట. ఆవిడ ముందువైపు చూసి తిప్పేసిందట. వెనక చదివి, నవ్వి, తలూపి, వెంటనే పనిలో పెట్టుకుందట. ముందున్నది అందరూ రాస్తారు, వెనకున్నదే అసలు మాట, మా చిన్నమ్మాయి రాసింది అని తాత చెప్పేవాడు. పోయేదాకా చెప్పాడు. అందుకే ఈ వైపు పైకి పెట్టాం. మా నాన్న, మేము, మా తర్వాత పిల్లలు, అందరం చిన్నప్పుడు ఈ అక్షరాలు చూసి పలకల మీద దిద్దాం. చాలా అందంగా ఉంటాయి కదా! చదువుకి ఊరు ఎంచుకోమన్నప్పుడు ఈ కాగితం మీదున్న ఊరే పెట్టాను. చదివించుకుని రా అన్నాడు నాన్న."

ఒక ఇంట్లో మూడు తరాల పిల్లలు ఆ ముక్కని ముద్దుగా దిద్దారు. కూర్చున్నచోటే భూమి చీలితే బాగుండుననిపించింది.

"ఇక్కడ ఎవరూ చదివి చెప్పలేదా?" అన్నాను. నాకు కావలసింది అదే అప్పుడు, ఎవరైనా ఆ పని నాకు తప్పించారా అని.

"మా క్లాసులో ఒకతన్ని అడిగాను. చూసి, పాత రాత, అర్థం కావట్లేదన్నాడు. ఇంకో అమ్మాయీ అదే చెప్పింది. వార్డెన్ చాలాసేపు చూసింది. మర్నాడు మీరు రాసిన పత్రిక తెచ్చి, రాసినావిడనే అడుగు అంది. మీరు చదవండి ఆంటీ."

అచ్చులో ఉన్నట్టుండే దస్తూరి నాది. అర్థం కాకపోవడానికి అందులో ఏముంది? ఆ పిల్లలిద్దరికీ నోరు రాలేదు, అంతే. వాళ్లకున్న సిగ్గులో పదోవంతు నాకు పన్నెండేళ్లప్పుడు ఉంటే సరిపోయేది. అయినా నేనేం చేశానో చూడండి. కళ్లజోడు సర్దుకుని, అరవై దాటిన మనిషిని, నలభై ఏళ్లు పాఠాలు చెప్పినదాన్ని, "ఇతను చాలా నమ్మకస్తుడు, మా కుటుంబంలో ఒకడు, ఇతన్ని ఆదరించండి, దేవుడు మిమ్మల్ని చల్లగా చూస్తాడు" అని ఇంగ్లీషులో చదివాను. గొంతు కూడా వణకలేదు.

చిలేషె పటం వైపు చూసింది. "ఇంత చిన్న వాక్యంలో అన్ని మాటలున్నాయా?" అంది.

ఇంతలో నూకాలు పకోడీలు, టీ పట్టుకొచ్చింది. నూకాలుది జాలరిపేట. ఏడో తరగతి దాకా చదివింది. కనిపించిన బోర్డల్లా కూడబలుక్కుని చదవడం దానికి సరదా. పళ్లెం పెట్టడానికి చోటు లేక పటం పక్కకి జరిపి, వంగి చూసి చదివేసింది. "ఇతన్ని... వంటింట్లోకి... రానివ్వకండి." ఆగి నా మొహంలోకి చూసింది.

"ఇదేటమ్మగారూ? ఇలాటి రాతని కూడా పటం కట్టించి దాసుకుంటారేటి?" అంది.

నేను టీ కప్పు చిలేషె ముందుకి జరిపాను. "ఎవుల్ని రానీయొద్దన్నారు?" అని అడిగింది మళ్లీ. ఖాళీ ట్రే తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

"ఆవిడ చదివింది కదా. ఏమంది?" అంది చిలేషె.

అప్పుడు చెప్పాను. మాట మార్చకుండా ఇంగ్లీషులో చెప్పాను. చెప్పమన్నది అమ్మ, రాసింది నేను అన్నాను. అమ్మ పేరు ఎత్తగానే నా మీద నాకే అసహ్యం వేసి, "అర్థం తెలిసే రాశాను. మీ తాత అడిగితే మంచి మాటలని చెప్పాను. దుకాణం కిటికీ సంగతి అతను చెప్పగా విన్న తర్వాతే రాశాను" అన్నాను. ఏడుపొచ్చింది. ఆ పిల్ల నన్ను ఓదార్చాలని ఆశపడ్డానని కూడా ఇక్కడే రాసేస్తున్నాను. ఆ అమ్మాయి ఓదార్చలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"నాకు కొంచెం తెలుసు" అంది. "మంచి మాటైతే మొదటివాడే చదివేవాడు కదా ఆంటీ!"

టీ మాత్రం తాగింది. పూలగుడ్డలో పటం చుట్టుకుంది. కప్పు అక్కడే వదలడం వాళ్లింట్లో అలవాటు లేదేమో, దాన్ని కడగడానికి తీసుకుని వంటింటి వైపు నడిచింది. గుమ్మం దగ్గర ఠక్కున ఆగిపోయింది. వెనక్కి తిరిగి నన్ను అడిగింది, "లోపలికి రావచ్చా?"

లోపలి నుంచి నూకాలు, "రామ్మా, రా. ఇలగియ్యి" అని చెయ్యి చాపి కప్పు అందుకుంది. ఆ పిల్ల లోపలికి వెళ్లింది. ఇద్దరూ సింకు దగ్గర పక్కపక్కన నిలబడ్డారు. అప్పుడే చూశాను, ఎన్నో ఏళ్లుగా చూస్తున్నదే. బాల్కనీ గోడ మీద బోర్లించిన నూకాలు స్టీలు గ్లాసు. నూకాలు నా వంటింట్లో తిరుగుతుందని, నేను మా అమ్మలాంటిదాన్ని కానని గొప్ప పోయేదాన్ని. గ్లాసు ఎప్పుడు వేరయిందో, ఎవరు వేరు చేశారో గుర్తులేదు. నేనే అయ్యుంటాను, ఇంకెవరున్నారు! చిలేషె వెళ్లాక కొత్త కప్పులో టీ పోసి నూకాలుకిచ్చాను. "ఏటమ్మగారూ ఈయేల కొత్తగా?" అని, కప్పు బల్ల మీద పెట్టేసి, గ్లాసు కడుక్కుని బాల్కనీలోనే తాగింది. దానికి అలవాటైంది. అలవాటు చేసింది నేను.

వెళ్లేముందు చిలేషె ఒకటే అడిగింది. "ఇది నాన్నకి నేను చెప్పలేను. మీరే రాయండి. అతనికి అర్థమయ్యే భాషలో." రాశాను. నాలుగు చిత్తుప్రతులు చింపాను. మూడింట్లో అమ్మ ముందు వచ్చింది, నేను తర్వాత వచ్చాను. నాలుగోదాంట్లో ఆ కాలం, ఆ రోజులు అంటూ మొదలెట్టాను. ఐదోది అయిదు వాక్యాలే. పటం దయచేసి తీసేయమని చివర బతిమాలుకున్నాను. సెలవులకి వెళ్తూ ఆ అమ్మాయి ఉత్తరమూ పటమూ కలిపి తీసుకెళ్లింది. జవాబు రాలేదు.

మొన్న చిలేషె నా ఫోనుకి ఒక ఫొటో పంపింది. వాళ్ల నాన్న పటం తీసేయలేదు. తెలుగు వైపే పైకి ఉంది. కింద అట్టముక్క మీద దాని అర్థం ఇంగ్లీషులోనూ వాళ్ల భాషలోనూ రాసి అంటించారు. రాసినది ఎవరో కూడా ఉంది, నా పేరు. కాకపోతే ఇదివరకు ఉన్న ముందుగదిలోంచి దాన్ని మార్చారు. పటం పక్కన పొయ్యి, దాని మీద గిన్నె, గిన్నెలో ముద్ద కెలుకుతున్న ఎవరిదో చెయ్యి కనిపిస్తున్నాయి. తగిలించింది వంటింట్లో.